మైకక్క పిలిచిన సాయంత్రం

మైకక్క అసలు పేరేమిటో ఆమె ఉన్న వీధిలోనే సగంమందికి తెలియదు. పెళ్ళయిన కొత్తలో మొగుడి మైకుసెట్ల కొట్లో వైర్లు చుట్టి పెట్టడానికి కూర్చుంది. మొగుడు గుండెజబ్బుతో హఠాత్తుగా పోయాక ఇక కొట్టు మూసేస్తుందని అందరూ అనుకున్నారు. మూయలేదు. కళ్ళ తడి ఆరకముందే నిచ్చెన భుజాన వేసుకుని స్తంభమెక్కింది. ఆడమనిషి స్తంభమెక్కడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే, తమ ఇంట్లో శుభకార్యమొచ్చేసరికి "అక్కా, రెండు బాక్సులు పంపించవూ" అంటూ గుమ్మంలో నిలబడ్డారు. అలా ఊరందరికీ అక్కయింది.

ఆమె సెట్టు అందరి దగ్గరికీ వెళ్ళేది. ప్రార్థనా మందిరంలో సాయంకాలం పాటలకి ఒకటి ఎప్పుడూ అక్కడే ఉండేది. మానవ సమితి వాళ్ళ సభలకి ఇంకొకటి. ఎన్నికలొస్తే ఒకే చౌరస్తాలో పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాని శత్రువుకి ఆమే హారన్లు కట్టేది. "నువ్వు ఎవరి పక్షమక్కా?" అని ఎవరైనా అడిగితే, "కరెంటు పక్షం. అది ఉంటే నేనున్నట్టు" అని నవ్వేసేది.

ఇంట్లో మాత్రం ఈ నవ్వు పనిచేసేది కాదు. అక్కడ అత్తగారూ కూతురూ ఉప్పూ నిప్పూ.

అత్తగారు మందిరంలో ముందు వరసలో కూర్చునే మనిషి. భారీ విగ్రహం, అంతకంటే భారీ గొంతు. ఆవిడ పాడుతుంటే మైకు ఆపేసినా తేడా తెలియదని కోడలు వేళాకోళం చేసేది. కూతురు చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళంతా సమితి ఆఫీసులోనే గడిపేది. ఆ పిల్లని సమితిలోకి తీసుకెళ్ళింది, హైస్కూల్లో ఆమెకి లెక్కలు చెప్పిన మాస్టారు. దేవుడూ దేశమూ రంగూ అన్నీ మనుషుల మధ్య కట్టిన గోడలనీ, గోడలు పోతే మిగిలేది మనిషొక్కడేననీ సమితి వాదం. లోకమంతా ఒకే ఇల్లనీ, తండ్రి ఒక్కడేననీ, ఇవాళ కాకపోతే రేపైనా అందరూ ఆ గుమ్మంలోకి రావాల్సిందేననీ మందిరం బోధ.

భోజనాల దగ్గర కూర్చుంటే చాలు, మొదలయ్యేది.

"దేవుడి ముందు అందరూ ఒకటే కదే పిచ్చిదానా!" అనేది నానమ్మ.

"దేవుణ్ణి పక్కన పెట్టినా ఒకటే కదా నానమ్మా. మధ్యలో ఆయనెందుకు?"

"ఆయన లేకపోతే ఒకటని చెప్పేదెవరు?"

"మనకి మనమే చెప్పుకుంటాం."

"మనం చెప్పుకుంటే ఎవరు వింటారే? మీ అమ్మ చెబితే నువ్వు వింటున్నావా?"

మైకక్క కంచాలు ఎత్తుతూ, "ఇద్దరూ అందరూ ఒకటే అంటున్నారు. ఆ ఒకటయ్యేదేదో ముందు ఈ గదిలో అయి, లేచి గిన్నెలు తోమండి" అనేది. ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు. అప్పట్లో ఇంకా నవ్వుకునేవాళ్ళు.

లెక్కల మాస్టారు అప్పుడప్పుడు కొట్టుకి వచ్చేవాడు. చొక్కా జేబులో సుద్దముక్క, మోచేతి దగ్గర ఎప్పుడూ తెల్లటి మరక. వచ్చినవాడు టీ తాగుతూ అత్తగారితో వాదన వేసుకునేవాడు. "అమ్మా, మీ ఇంటికి అందరూ రావచ్చంటారు బాగానే ఉంది. రానన్నవాణ్ణి ఏం చేస్తారు?" అని అడిగేవాడు. "ఎదురుచూస్తాం నాయనా" అనేది అత్తగారు. "ఎదురుచూసినంత కాలం మీకూ మాకూ పేచీ లేదు" అని దణ్ణం పెట్టి లేచేవాడు. అతను వెళ్ళాక ఆవిడ, "మంచివాడు. మనవాడై ఉంటే ఎంత బాగుండేది" అని నిట్టూర్చేది.

రోజులు మాత్రం మంచిగా లేవు. మందిరం హారన్లు తీసేయాలని సమితి గోడలమీద రాసింది. సమితి పుస్తకాల కొట్టు ఒక రోజు తగలబడింది. ఎవరు అంటించారో తేలలేదు గానీ, ఎవరికి వాళ్ళకి తేలిపోయింది. బజారులో పలకరింపులు తగ్గాయి. కొత్త మనిషెవరైనా ఎదురైతే, చేతికి సమితి పట్టీ ఉందా, మెడలో మందిరం దారం ఉందా అని ముందు చూపు అటే పోయేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, బడి వదిలి ఇంటికి వెళుతున్న లెక్కల మాస్టార్ని ఇద్దరు కుర్రాళ్ళు పట్టపగలు, పదిమంది చూస్తుండగా కత్తులతో పొడిచి చంపారు. ఒకడు అక్కడే దొరికిపోయాడు. వాడి మెడలో మందిరం దారం ఉంది.

మైకక్క కూతురు ఆ రోజు ఏడవలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, ఎవరు పలకరించినా వాళ్ళ మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం మందిరం హారన్లలోంచి బోధకుడి గొంతు వినిపించింది. "హత్య మహాపాపం" అన్నాడు. ఊరంతా చెవులు రిక్కించి వింటోంది. "కానీ, దేవుణ్ణి అవమానించేవాడు తన చావుని తానే పిలుచుకుంటాడని కూడా మనం మరిచిపోకూడదు" అన్నాడు.

కూతురు తలెత్తింది. "ఆ 'కానీ' మన సెట్టులోంచే వచ్చిందమ్మా."

మైకక్క లేచి కిటికీ రెక్క మూసింది.

"రేపు పొద్దున్నే వెళ్ళి ఆ సెట్టు విప్పుకొచ్చెయ్."

"ఎవరేం మాట్లాడాలో నేను చెప్పడం మొదలుపెడితే, రేపు నిన్ను మాట్లాడనివ్వొద్దని ఇంకొకరు వస్తారే."

"అయితే వాళ్ళు చంపుతూనే ఉంటారు. నువ్వు వాల్యూము సరిచేస్తూనే ఉంటావు" అంది కూతురు. బట్టలు సంచిలో సర్దుకుని సమితి ఆఫీసుకి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర నానమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. అత్తగారు ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంచి చాలాసేపు నిలబడింది.

మాస్టారి సంస్మరణ సభ చౌరస్తాలో పెట్టారు. సరిగ్గా సాయంకాలం ప్రార్థన వేళకే. మార్చుకోమని పోలీసులు రెండు వైపులా చెప్పి చూశారు. మాది వెనక్కి జరిపేది లేదని మందిరం, మాది ముందుకు జరిపేది లేదని సమితి భీష్మించాయి. చౌరస్తాకి ఒకవైపు వరసగా కొట్లు, ఆ కొట్ల వెనక సందులో మందిరం. మధ్య దూరం ఎంతో లేదు. ఇక్కడ దగ్గితే అక్కడ వినిపిస్తుంది.

ఆ రోజు పొద్దున మైకక్క అత్తగారితో, "ఇవాళ్టికి మానెయ్యండి అత్తయ్యా, ఊళ్ళో గాలి బాగా లేదు" అంది. "గాలి బాగా లేదనే కదా ప్రార్థన" అంటూ ఆవిడ చెప్పులేసుకుంది.

సభకి కొత్త కార్యదర్శి వచ్చాడు. పెద్ద ఊరి నుంచి పంపారట. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు. ఎవరినీ ఏకవచనంతో పిలవడు. మైకక్క హారన్లు నాలుగు దిక్కులకీ కడుతుంటే దగ్గరికొచ్చి, "అక్కా, అన్నీ మందిరం వైపు తిప్పండి" అన్నాడు.

"జనం ఇటు కూర్చుంటారు కదండీ?"

"ఇటు వాళ్ళు ఎలాగూ వింటారు. అటు వాళ్ళూ మనుషులే కదా. వాళ్ళకీ వినిపించాలి."

అడిగినట్టు కట్టడం ఆమెకి అలవాటైన పని. నిచ్చెన వేసి ఒక్కొక్క హారనూ తిప్పింది. చివరి హారను కొట్ల కప్పుల కంటే ఎత్తులో ఉంది. అక్కణ్ణుంచి చూస్తే సందు మొత్తం కనిపిస్తుంది. బోల్టు బిగిస్తూ యథాలాపంగా అటు చూసింది. చేతికి పట్టీలు కట్టుకున్న ఇద్దరు, మందిరం వెనక తలుపు గడియకి గొలుసు చుట్టి తాళం వేస్తున్నారు. కాస్త ఇవతల, తోపుడుబండి మీద టార్పాలిన్ కింద డబ్బాలు. గాలికి టార్పాలిన్ కొస లేచింది. పెట్రోలు వాసన నిచ్చెన పైదాకా వచ్చిందో, వచ్చిందని ఆమెకి అనిపించిందో!

లోపల పాట మొదలైంది. అందరి గొంతుల మీదా అత్తగారి గొంతు.

మైకక్క నిచ్చెన ఎలా దిగిందో ఆమెకే తెలియదు. రోడ్డు చివర పోలీసు వ్యాను ఉంటే అటు పరుగెత్తింది. చెప్పింది. వ్యానులో ఉన్న అధికారి టీ గ్లాసు దించకుండానే, "మా దృష్టిలో ఉందమ్మా, పైవాళ్ళకి చెబుతాం" అన్నాడు. చూపు మాత్రం ఆమె మీద లేదు, ఆమె భుజం మీదుగా ఎటో ఉంది. ఇతనికి తెలుసు అని ఆమెకి అర్థమైంది.

తిరిగొచ్చి కార్యదర్శిని పట్టుకుంది. "వెనక తలుపుకి గొలుసు వేశారు. లోపల మా అత్తగారుంది. పిల్లలున్నారు."

అతను చిరునవ్వు చెదరనివ్వలేదు. "మీరు ఇక్కడ మైకు దగ్గర ఉంటే మీకు క్షేమం అక్కా."

"నా సంగతి కాదండీ నేనడుగుతున్నది!"

"నాకూ తల్లి ఉంది. కానీ ఒకరి తల్లి, ఒకరి అత్తగారు అని చూసుకుంటూ కూర్చుంటే, రేపు పుట్టబోయే మనుషులందరికీ మనం అన్యాయం చేసినవాళ్ళమవుతాం." ఈ మాటలు ఎంత నెమ్మదిగా అన్నాడంటే, పక్కనున్నవాళ్ళు ఏదో ఓదారుస్తున్నాడనుకున్నారు. "వెళ్ళండి. మీ అమ్మాయి మాట్లాడబోతోంది."

నిజంగానే కూతురు వేదికెక్కింది. మైకక్క ఆంప్లిఫయరు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కూతురు మాస్టారి సుద్దముక్క గురించి, తప్పు లెక్క చేసిన పిల్లని కూడా ఆయన "మీరు" అని పిలిచే అలవాటు గురించి చెబుతోంది. జనంలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు. గొంతు నిండుగా, వణుకు లేకుండా ఉంది. ఇంకో రోజైతే తల్లి ఆ గొంతుకి మురిసిపోయేది. ఇప్పుడు ఆమె మనసులో ఒకటే తొలుస్తోంది: దీనికి తెలుసా?

ముందు వరసలో పట్టీల కుర్రాళ్ళు ఒక్కొక్కరే లేస్తున్నారు. కార్యదర్శి వేదిక మెట్లమీదికి వచ్చి, చేతిగడియారం చూసుకున్నాడు. ఆ చూసుకోవడంతో మైకక్కకి సందేహం తీరిపోయింది. కూతురి మాట పూర్తికాగానే అతను మైకు అందుకుంటాడు, 'పదండి' అంటాడు.

బల్లమీద పరీక్ష చేసుకునే చిన్న మైకొకటి ఎప్పుడూ ఉంటుంది. "హలో, హలో" అనడానికి తప్ప ఆమె దాన్ని ఇంకెందుకూ వాడి ఎరగదు. ఇన్నేళ్ళలో సభలో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. వేదిక మైకు నాబు పూర్తిగా కిందికి తిప్పేసింది. కూతురి గొంతు వాక్యం మధ్యలో తెగిపోయింది. చిన్న మైకు అందుకోగానే హారన్లన్నీ ఒక్కసారిగా కీచుమని కూతపెట్టాయి. వేలమంది తలలు ఆమె వైపు తిరిగాయి.

"అత్తయ్యా!" అంది.

ఆ పిలుపు కొట్ల మీదుగా వెళ్ళి మందిరం గోడకి కొట్టుకుంది.

"అత్తయ్యా, నేను. పాట ఆపండి. మందిరంలో ఉన్నవాళ్ళందరూ వినండి. వెనక తలుపుకి గొలుసు వేసేశారు. అటు పోకండి. ముందు తలుపు దగ్గరికి పెట్రోలు వస్తోంది. అటూ పోకండి. ఎడమ పక్క చిన్న గదిలో కిటికీ ఉంది. మన వైరు అందులోంచే వస్తుంది. దానికి మధ్య ఊచ వదులు. పైకి లాగితే ఊడి వచ్చేస్తుంది. కిటికీ అవతల అద్దకం వాళ్ళ పెరడు. ముందు పిల్లల్ని దింపండి. తోసుకోకండి. అత్తయ్యా, వినిపిస్తోందా?"

మందిరంలో పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దమే జవాబు.

మైకక్క జనం వైపు తిరిగింది. "నాకు ఉపన్యాసాలు రావు. మీరు మాస్టారి కోసం వచ్చారు. లోపల మనుషులున్నారు. తలుపులు మూసి..."

అంతలో ఎవరో వైరు పీకేశారు. ఇంకెవరో ఆమె మొహంమీద కొట్టారు. బల్లతో సహా పడిపోయింది. పడినచోటు నుంచే, వేదిక మీంచి కూతురు దూకడం చూసింది. ఆ పిల్ల ఎటు పరుగెడుతుందో తెలియని ఆ కాసేపు ఆమె పడ్డ భయం, మొగుడి శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా పడలేదు. కూతురు తల్లి వైపు చూడకుండా, పట్టీల కుర్రాళ్ళని దాటుకుని సందులోకి దూసుకుపోయింది.

జనం చీలిపోయారు. చాలామంది బిడ్డల్ని చంకనేసుకుని ఇళ్ళవైపు పరుగుతీశారు. మాస్టారి బడిలో పనిచేసే ఇద్దరు ముగ్గురు పంతుళ్ళు సందు మొదట్లో చేతులు చాచి నిలబడి, తన్నులు తిని పడిపోయారు. పెట్రోలు బండి మాత్రం ఆగలేదు. కాసేపటికి కొట్ల వెనక నుంచి నల్లటి పొగ లేచింది.

కిటికీలోంచి మాత్రం మనుషులు దిగుతూనే ఉన్నారు. అద్దకం వాళ్ళు ఆరేసిన బట్టలు లాగి కింద పరిచారు. పిల్లలు, తల్లులు, ముసలివాళ్ళు, చివరికి బోధకుడు. అత్తగారు అందర్నీ దింపి ఆఖర్న కిటికీ ఎక్కి, మధ్యలో ఇరుక్కుపోయింది. మనవరాలు కింది నుంచి రెండు చేతులూ పట్టుకుని లాగింది. "ఊపిరి వదులు నానమ్మా! పొట్ట లోపలికి తీసుకో!" అని అరుస్తూ లాగింది. ఆవిడ ఒక్కసారిగా ఊడి మనవరాలి మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ నొప్పిలోనే మనవరాలి చెంప ఛెళ్ళుమనిపించి, తరవాత ఆ చెంపనే పట్టుకుని గట్టిగా ఏడ్చింది.

అందరూ బయటపడ్డారనుకున్నారు. మర్నాడు బూడిద ఎత్తుతుంటే, చాపల గదిలో ఒక శవం కనిపించింది. అది బజారులో గంపతో కూర్చునే ఉల్లిపాయలమ్మది. ఆమె మందిరం మనిషి కాదు, సమితి మనిషీ కాదు. ఎండకి కాళ్ళు పీకితే మందిరం చాపల గదిలో ఫ్యాను కింద కాసేపు నడుం వాల్చేది, ఎవరూ కాదనేవారు కాదు. ఆ రోజు నిద్రపోయింది. ఆమెకి చెవుడు. మైకక్క పిలుపు ఆమె దాకా వెళ్ళలేదు.

ఈ సంగతి విన్నప్పుడు మైకక్క ఆస్పత్రి వరండాలో, అత్తగారి మంచం పక్కన ఉంది. వాచిన దవడ మీద చెయ్యి పెట్టుకుని, "చెవిటిదని నాకు తెలుసే... రోజూ సైగలతోనే కదా ఉల్లిపాయలు కొన్నాను" అని గొణుక్కుంది. ఆ మాటే రెండు రోజులపాటు అంటూనే ఉంది.

బోధకుడు పరామర్శకి వచ్చాడు. "తల్లీ, ఆ వేళ నీ నోటితో దేవుడే పలికాడు. వచ్చే వారం సభలో నువ్వు సాక్ష్యం చెప్పాలి. శత్రువు హారన్లోంచి కూడా ఆయన తన బిడ్డల్ని పిలుచుకున్నాడని లోకానికి తెలియాలి" అన్నాడు.

"అయ్యా, దేవుడే పలికి ఉంటే ఉల్లిపాయలమ్మకి కూడా వినిపించేలా పలికేవాడు. పలికింది నేను. అందుకే ఆమెకి వినపడలేదు" అంది మైకక్క. బోధకుడి మొహం ముడుచుకుపోయింది. మళ్ళీ రాలేదు.

సమితి ఒక కరపత్రం వేసింది. ఇంటి బంధాలకి లొంగిపోయి మానవజాతిని వెన్నుపోటు పొడిచిన స్త్రీ అని అందులో మైకక్క గురించి రాశారు. కొట్టు తాళం పగలగొట్టి, స్పీకర్లన్నిటినీ కత్తులతో చీరేసి వెళ్ళారు. సాక్ష్యం చెప్పనందుకు మందిరం వాళ్ళు కొత్త సెట్టు వేరేచోట తెచ్చుకున్నారు. ఉల్లిపాయలమ్మ బొమ్మ మాత్రం రెండు గోడలమీదా వెలిసింది. ఒక గోడ మీద విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన అమరురాలు, ఎదురు గోడ మీద మతమౌఢ్యానికి బలైపోయిన శ్రామికురాలు. ఆమె కొడుకు ఆ రెంటి మధ్యా నిలబడి, "మా అమ్మ ఫ్యాను కోసం వెళ్ళేదండీ" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎవరూ ఆగేవారు కాదు.

ఇన్ని జరిగినా, మైకక్క అడగాల్సిన మాట ఒకటి అడగకుండానే ఉండిపోయింది. కూతురు ఇంటికి తిరిగొచ్చింది. నానమ్మకి ఒళ్ళు తుడవడం, మందులివ్వడం అన్నీ తనే చేస్తోంది. తల్లితో మాట్లాడుతుంది గానీ కళ్ళలోకి చూడదు. ఒక మధ్యాహ్నం అత్తగారు కళ్ళు మూసుకుని పడుకుని ఉండగా, వంటగదిలో ఇద్దరే ఉన్నారు. కూతురు టీ కాస్తోంది.

"నీకు ముందే తెలుసా?" అంది మైకక్క.

కూతురు మంట తగ్గించింది. "తగలబెడతారని తెలుసు."

మైకక్క గోడ పట్టుకుంది.

"ఖాళీ మందిరం అన్నారమ్మా. ప్రార్థన అయిపోయాక, అందరూ వెళ్ళిపోయాక అన్నారు. వాళ్ళు పుస్తకాలు కాల్చారు, మనం గోడలు కాలుద్దాం, మనిషికి దెబ్బ తగలదన్నారు. సభ వేళ చూస్తే నాకు అర్థమయ్యుండాలి. లెక్క కట్టడం రానిదాన్ని కాదుగా. నమ్మాను. నమ్మాలని ఉండి నమ్మాను. మాస్టార్ని అలా రోడ్డు మీద చూశాక నాకు ఏదో ఒకటి తగలబడాలనిపించింది."

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరూ కదల్లేదు.

"ఎవరికీ చెప్పకు" అంది మైకక్క చివరికి. "నువ్వు నానమ్మని కాపాడావు. ఊరంతా చూసింది. అది చాలు. ఈ మాట ఈ గది దాటకూడదు."

"నువ్వు అంతమంది ముందు మైకులో చెప్పావు కదమ్మా. నేను ఒక్క జడ్జి ముందు చెప్పలేనా?"

"నేను చెప్పినందుకు నా దవడ పోయింది. నువ్వు చెబితే నీ బతుకు పోతుందే!"

"ఉల్లిపాయలమ్మది పోయింది కదా."

ఆ పక్కగదిలోంచి మంచం కిర్రుమంది. అత్తగారు నిద్రపోలేదు. అంతా విన్నది. ఆ రోజు నుంచి ఆవిడ మనవరాలి చేతి మందు వేసుకోలేదు. కోడలు ఇస్తేనే మింగేది. పాట పాడలేదు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం మైకక్క ఎప్పుడూ ఎరగదు. రోజూ ఆ ఇద్దరి గోల భరించలేక తల పట్టుకున్న మనిషే, ఇప్పుడు ఆ గోల కోసం ముఖం వాచిపోయింది.

కూతురు కోర్టులో చెప్పింది. తనకేం తెలుసో, ఎవరు చెప్పారో, తను ఏం నమ్మానని చెప్పుకుందో అంతా. మైకక్క కార్యదర్శి అన్న మాటలు చెప్పింది. అతని వకీలు లేచి, ఆ మాట విన్న రెండో మనిషెవరని అడిగాడు. ఎవరూ లేరు. గొలుసు వేసినవాళ్ళకీ, బండి తోసినవాళ్ళకీ పెద్ద శిక్షలు పడ్డాయి. మాస్టార్ని పొడిచిన కుర్రాళ్ళకీ పడింది. కార్యదర్శి మీద ఏదీ రుజువు కాలేదు. ఇంకో పెద్ద ఊళ్ళో ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడని తరవాత విన్నారు. వ్యానులోని ఆ పోలీసు అధికారికి బదిలీ అయింది, అంతే.

అత్తగారిని కూడా సాక్ష్యానికి పిలిచారు. మనవరాలు సమితి తరఫున ఇంట్లో ఏమేం మాట్లాడేదో చెప్పమని మందిరం వకీలు అడిగాడు. చంక కర్రలమీద నిలబడి ఆవిడ, "నన్ను కిటికీలోంచి లాగింది ఇదే. దీని చేతులే" అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంది. మూడోసారి అడిగితే, "నాయనా, నీకూ చెవుడా?" అంది. కోర్టులో నవ్వారు. మైకక్క నవ్వలేదు. కూతురికి శిక్ష కాస్త తగ్గింది గానీ తప్పలేదు.

కొట్టు అమ్మేశాక మైకక్కకి బస్టాండులో పని దొరికింది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది బయల్దేరుతోందో మైకులో చెప్పే పని. చెప్పేశాక ఊరికే కూర్చోదు. బయటికొచ్చి బెంచీల మధ్య తిరుగుతుంది. కునికిపాట్లు పడుతున్నవాళ్ళనీ, తన పిలుపుకి తల తిప్పనివాళ్ళనీ భుజం తట్టి, ఎక్కడికని సైగ చేసి అడుగుతుంది. అది మీ డ్యూటీ కాదు కదా అని పైవాళ్ళు ఒకటి రెండు సార్లు అన్నారు. తరవాత అనడం మానేశారు.

అత్తగారు జైలుకి మొదటిసారి చాలా ఆలస్యంగా వెళ్ళింది. అన్నాళ్ళూ కోడలు ఒక్కతే వెళ్ళొచ్చేది. ఆ రోజు పొద్దున చెప్పాపెట్టకుండా కర్రలు అందుకుని, "పద" అంది. కమ్మీల అవతల మనవరాలు చిక్కిపోయి ఉంది.

"నన్ను క్షమించావా నానమ్మా?" అంది మనవరాలు.

"క్షమించడం దేవుడి పని. నేను నీకు సబ్బు తెచ్చాను" అంది ఆవిడ సంచిలోంచి తీస్తూ. "తల చూడు ఎలా ఉందో! నలుగురూ ఒకటే అని నలుగురి దువ్వెనా వాడుతున్నావా ఏం?"

మనవరాలు మొదట పక్కున నవ్వి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మైకక్క గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది.

శిక్ష అయిపోయి కూతురు ఇంటికొచ్చింది. బళ్ళో మళ్ళీ పని ఇవ్వలేదు. అద్దకం వాళ్ళ పెరట్లో బట్టలు ముంచే పనికి వెళుతోంది. మోచేతుల దాకా రంగులతో తిరిగొస్తుంది. ఏ సమితిలోనూ లేదు. దేవుణ్ణీ నమ్మడం లేదు. భోజనాల దగ్గర వాదన మళ్ళీ మొదలైంది గానీ, ఇదివరకటి దూకుడు లేదు. ఇద్దరూ ఒక్కో మాటా ఆచితూచి అంటారు. ఒక్కోసారి సగంలో ఆపేస్తారు.

మందిరం మళ్ళీ కట్టారు. ఈసారి నాలుగు వైపులా తలుపులు పెట్టారు. కర్రలతో నడిచే నానమ్మని రోజూ సాయంత్రం మనవరాలే అక్కడికి తీసుకెళుతుంది. గేటు దాకా వెళ్ళి ఆగిపోతుంది. రమ్మని ఆవిడ పిలవదు. వస్తానని ఈమె అనదు. లోపలున్నవాళ్ళలో కొందరు ఆ పిల్లని చూసి మొహం తిప్పుకుంటారు. ఎదురుగా తాళాలు బాగుచేసే కొట్టు చూరు కింద నిలబడి, ప్రార్థన అయ్యేదాకా కాచుకుంటుంది.

మొన్నామధ్య ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. మైకక్క బస్టాండు నుంచి తిరిగొస్తూ ఆ వీధిలోకి మళ్ళింది. కూతురు చూరు కింద ముడుచుకుని ఉంది. గాలికి జల్లు లోపలికి కొడుతోంది. మందిరంలో పాట ఇంకా సాగుతూనే ఉంది, ఒక పెద్ద గొంతు మాత్రం అందులో లేదు. చూస్తే, గేటు దగ్గర అత్తగారు కర్రలమీద తడుస్తూ నిలబడి ఉంది.

"ఇంకా అవ్వలేదుగా నానమ్మా?" అని కూతురు పరుగెత్తుకొచ్చింది.

"ఆయనకి చెప్పే వచ్చాను. ఇంటికి పదండి, చలేస్తోంది" అంది అత్తగారు.

మైకక్క గొడుగు తెరిచింది. ముగ్గురికీ చాలేది కాదది. మధ్యలో ముసలావిణ్ణి పెట్టుకుని చెరో పక్క తడుస్తూ నడిచారు.